రొయ్యకు లెక్కుంది... అరికాలి మచ్చకో?

మైపాడులో ‘కౌంటు’ అనే మాట తెలియని ఇల్లు ఉండదేమో! ముప్ఫై కౌంటు, యాభై కౌంటు, వంద కౌంటు... కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. చెరువు పట్టుబడి రోజున గట్టు మీద అందరి చూపూ కాటా మీదే. ఒకటీ అరా తేడా వస్తే రైతు ఊరుకోడు, కొనేవాడూ ఊరుకోడు.

సముద్రంలో పడే చేపకీ లెక్కుంది. 1947లో ఏర్పాటైన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా ఈ పని చేస్తోంది. తీరం పొడవునా పడవలు ఒడ్డుకొచ్చే రేవుల్లో కొన్నిటిని ఎంచుకుంటారు. సిబ్బంది వంతులవారీగా అక్కడికి వెళ్లి, వచ్చిన పడవల్లో కొన్నిటి సరుకు చూసి, మొత్తం దిగుబడిని అంచనా కడతారు. అదీ గంపగుత్తగా కాదు. వంజరం ఎంత, చందువ ఎంత, కానాగంత ఎంత... ఏ రకానికి ఆ రకమే. ఏ చేప పెరిగింది, ఏది తరిగిపోయింది అన్నది ఏళ్ల తరబడి పోల్చి చెప్పగలుగుతున్నారంటే కారణం ఆ లెక్కే.

మరి, ఆ వల లాగే మనిషికొచ్చే జబ్బు సంగతేంటి? అదీ చాలా అరుదైన జబ్బు అయితే?

ఓ పెద్దాయన ఉన్నాడనుకుందాం. మైపాడు దగ్గర పట్టపుపాలెంలో ఇల్లు. అరవై దాటాయి. కుర్రతనం నుంచీ అలివివల లాగిన ఒళ్లు. ఇసకలో, ఉప్పునీళ్లలో, గుల్లల మీద చెప్పుల్లేకుండా తిరిగి తిరిగి అరికాళ్లు చెక్కలా గట్టిపడ్డాయి. ఓ రోజు కాలు కడుక్కుంటుంటే మడమ దగ్గర రూపాయి బిళ్లలో సగమంత నల్లమచ్చ భార్య కంట్లో పడింది.

‘‘ఏందయ్యా అది?’’

‘‘యాడన్నా గుల్ల దిగుంటుందిలే మే.’’

అంతటితో ఆ మాట అయిపోయింది. మచ్చ మాత్రం అయిపోలేదు. ఏడాదికి అంచు గీసినట్టు కాకుండా చెదిరింది. మధ్యలో కాస్త చెమ్మ. ఆనె అనుకుని బ్లేడుతో చెక్కించుకున్నాడు. మందుల షాపులో అడిగి ఏదో ఆయింట్‌మెంట్ పూశాడు. చక్కెర జబ్బు ఉంది కాబట్టి పుండు మానడం లేదన్నారు ఒకరు. ఇలా ఏడాదిన్నర గడిచాక గజ్జల్లో గడ్డ తగిలింది. అప్పుడు నెల్లూరు, అక్కణ్నుంచి చెన్నై.

ఈ పెద్దాయన పేరు పెట్టి చూపించగల మనిషి కాదు. కానీ అరికాలి మెలనోమా వచ్చినవాళ్ల కథలు చాలావరకు ఇలాగే నడుస్తాయని ఏ చర్మ వైద్యుణ్ని అడిగినా చెబుతారు. ఆనె, పులిపిరి, గోరుచుట్టు, గోటికి ఫంగస్, దెబ్బ తగిలి కమిలిన రక్తం, మధుమేహపు పుండు... దీనికి మారుపేర్లు ఇన్ని.

ఎండ తగలని చోట

మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. దీన్ని తెల్లవాళ్ల జబ్బు అంటుంటారు. పూర్తిగా అబద్ధమేం కాదు. 2020లో ప్రపంచం మొత్తమ్మీద సుమారు 3 లక్షల 25 వేల మందికి చర్మ మెలనోమా వచ్చిందని అంచనా. అందులో ఎక్కువమంది యూరప్, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లే. తెల్లతోలు, మండే ఎండ కలిస్తే వచ్చే ముప్పు అది. మన దేశంలో అయితే ఏడాదికి లక్షమందిలో ఒక్కరికి కూడా రాదు.

అయితే ఈ కుటుంబంలో ఎండతో పెద్దగా పనిలేని రకం ఒకటుంది. అరిచేతుల్లో, అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుంది. వైద్యులు ‘ఎక్రల్ లెంటిజినస్ మెలనోమా’ అంటారు. ‘ఎక్రల్’ అంటే శరీరం కొసల్లో ఉన్నది అని అర్థం. దీన్ని విడి రకంగా గుర్తించి 1976లో పేరు పెట్టింది రిచర్డ్ రీడ్ అనే అమెరికన్ పాథాలజిస్టు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఆసియావాళ్లు... ఎవరిలో చూసినా దీని రేటులో పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే, తెల్లవాళ్లలో మిగతా మెలనోమాల గుట్టలో ఇది కనబడకుండా పోతుంది. మనలాంటివాళ్లలో మిగతా రకాలు తక్కువ కాబట్టి ఇదే ముందు వరసలో నిలబడుతుంది.

దీన్ని లోకమంతా విన్నది ఓ పాటగాడి వల్ల. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద ఈ జబ్బే బయటపడింది. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అనుకున్నారు. వేలు తీసేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. 1981 మే 11న చనిపోయేనాటికి ఆయన వయసు 36. అంత పేరున్న మనిషికే మొదట అది దెబ్బలా కనిపించిందంటే, గుల్లల మీద నడిచే మన పెద్దాయనకి ముల్లులా కనిపించడంలో వింతేముంది?

ఇంతకీ చెప్పుల్లేకుండా నడిస్తే ఇది వస్తుందా? ఊళ్లో మొట్టమొదట వచ్చే ప్రశ్న ఇదే. రుజువైతే లేదు. జపాన్‌లోని షిన్షూ విశ్వవిద్యాలయ వైద్యులు 2016లో ఓ సంగతి ప్రచురించారు. అరికాల్లో బరువు మోపే చోట్లలో, అంటే మడమలో, వేళ్ల మొదళ్ల దగ్గర ఈ మచ్చలు ఎక్కువగా, పాదం మధ్య వంపులో తక్కువగా కనిపించాయని. ఒత్తిడికీ దీనికీ సంబంధం ఉండొచ్చని అక్కణ్నుంచి అనుమానం బలపడింది. కానీ ఒత్తిడి వేరు, ఉత్తకాళ్లతో నడవడం వేరు. బూట్లు వేసుకు తిరిగినా మడమ మీద బరువు తప్పదు కదా! జీవితమంతా ఉత్తకాళ్లతో నడిచిన జనంలో ఇది ఎక్కువా, తక్కువా, సమానమా అని తేల్చాలంటే అలాంటి జనం ఉన్నచోట లెక్క కట్టాలి. తీరం ఊళ్లకు మించిన చోటు ఏముంటుంది? అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

పదివేలమందికి యాభై అయిదేళ్లు

అరుదైన జబ్బును లెక్కపెట్టడం, పెద్ద చెరువులో ఒకే ఒక్క గురక చేపను వెతకడం లాంటిది. అమెరికాలో దేశంలో కొంత భాగం జనాభాను ఏళ్ల తరబడి గమనించే క్యాన్సర్ రిజిస్ట్రీల వ్యవస్థ ఉంది. వాటిలో 1986 నుంచి 2005 దాకా... అంటే ఇరవయ్యేళ్లలో నమోదైన అరికాలి, అరిచేతి మెలనోమాలు సుమారు 1,400. రేటు కడితే పది లక్షలమందికి ఏడాదికి 1.8. నల్లజాతివాళ్లకు వచ్చిన మెలనోమాల్లో మాత్రం దీని వాటా 36 శాతం. మెలనోమా వచ్చినవాళ్లందరినీ కలిపి చూస్తే అయిదేళ్ల తర్వాత ఆ జబ్బుతో చనిపోకుండా ఉన్నవాళ్లు 91 శాతం. ఈ రకంలో 80. అందులోనూ ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్నవాళ్లలో 70. ఆలస్యంగా బయటపడటం దీనికి ఒక పెద్ద కారణం. మెలనోమాలో మచ్చ మందం మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరు లోపు ఉన్నదాన్ని కోసేస్తే చాలామందికి అంతటితో సరి. నాలుగు దాటితే కథ మారిపోతుంది.

ఇప్పుడు ఆ 1.8ని తెచ్చి మన నేల మీద పెట్టి చూద్దాం. మన రేటు కచ్చితంగా అదేనని కాదు, ఉదాహరణకే. పదివేలమంది ఉన్న ఊళ్లో ఇలాంటి కేసు ఒక్కటి రావడానికి యాభై అయిదేళ్లు పడుతుంది! ఊరి డాక్టరు తన సర్వీసంతా చేసి రిటైరైపోయినా ఒక్కటీ చూడకపోవచ్చు. చూసిన ఆ ఒక్కదాన్ని గుర్తుపట్టలేదని ఆయన్ను తిట్టి ప్రయోజనమేముంది?

2011 జనగణనలో నెల్లూరు జిల్లా జనాభా దాదాపు 30 లక్షలు. అదే లెక్కన జిల్లాకి ఏడాదికి అయిదారు కేసులు. ఒక ఏడాది రెండే రావచ్చు, మరో ఏడాది తొమ్మిది రావచ్చు. రెండు నుంచి తొమ్మిదికి పెరిగితే ‘జిల్లాలో నాలుగున్నర రెట్లు పెరిగిన క్యాన్సర్’ అని పతాక శీర్షిక పెట్టేయొచ్చు. కానీ అది వట్టి యాదృచ్ఛికం. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఒకసారి ఏడు బొమ్మలు, మరోసారి మూడు పడినట్టే. అందుకే ఇంత అరుదైనవాటిని ఏడాదికేడాది పోల్చరు, అయిదేళ్లు కలిపి చూస్తారు. అప్పుడైనా మొదటి అయిదేళ్లలో 27, తర్వాతి అయిదేళ్లలో 33 వస్తే పెరిగిందని గట్టిగా చెప్పలేం. ఓపిక కావాలి. ఒక తరం పట్టే ఓపిక.

వల వేసినవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. ‘నిన్న పది గంపలు పడ్డాయి, ఇవాళ ఇరవై’ అంటే వెంటనే అడుగుతారు, ‘ఇవాళ ఎన్ని పడవలెళ్లాయి?’ అని. జబ్బు లెక్కలో ఆ ‘ఎన్ని పడవలు’ అనేది జనాభా. అది తెలియకుండా ఆసుపత్రిలో ఎంతమంది చూపించుకున్నారో చెబితే అది గంపల లెక్కే అవుతుంది. మన దగ్గర ఆ జనాభా కూడా నిలకడగా ఉండదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు వైపు నెల్లూరులోకి వచ్చింది. 2021లో జరగాల్సిన జనగణనేమో వాయిదా పడింది. పాత నెల్లూరు అంకెనీ కొత్త నెల్లూరు అంకెనీ పక్కపక్కన పెట్టి పెరిగిందో తగ్గిందో చెప్పడమంటే, రెండు వేర్వేరు చెరువుల పట్టుబడిని పోల్చడమే.

ఓపిగ్గా లెక్క పెడితే ఏం తెలుస్తుందో చెప్పడానికి కంట్లో వచ్చే మెలనోమా మంచి ఉదాహరణ. అదీ అరుదైనదే. అమెరికాలో 1973 నుంచి 2008 దాకా... అంటే ముప్ఫై అయిదేళ్లకు పైగా చూస్తే దాని రేటు పది లక్షలకు అయిదు దగ్గరే ఆగి ఉంది. అదే కాలంలో అక్కడ చర్మ మెలనోమా ఏటేటా పెరుగుతూ పోయింది. రెండూ ఒకే రకం కణం నుంచి పుట్టినా రెండింటి దారీ ఒకటి కాదని ఆ గీత చూశాకే తేలింది. మన దేశంలో హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, చెన్నై శంకర నేత్రాలయ లాంటి చోట్ల వైద్యులు తమ రోగుల వివరాలు ప్రచురించారు. పాశ్చాత్య దేశాల్లో అరవై దరిదాపుల్లో వచ్చే ఆ కంటి జబ్బు మనవాళ్లలో నలభై అయిదు ప్రాంతంలోనే కనిపిస్తోందని వాటివల్ల తెలిసింది. అది చాలా విలువైన సంగతి. కానీ ఆసుపత్రి గుమ్మం దాటి వచ్చినవాళ్ల లెక్కే అది. గుమ్మం దాకా రానివాళ్లు ఎంతమందో అందులో ఉండదు.

మాట జారితే అంకె జారుతుంది

మళ్లీ మన పెద్దాయన దగ్గరికి వద్దాం. చెన్నైలో ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆయన జబ్బు ఏ లెక్కలోకి వెళుతుందన్నది ఇక పాథాలజిస్టు కలం మీద ఆధారపడి ఉంటుంది.

క్యాన్సర్లను నమోదు చేయడానికి ప్రపంచమంతటా వాడే కోడ్ల పుస్తకం ఒకటుంది. జబ్బు ఎక్కడ వచ్చిందో చెప్పడానికి ఒక కోడ్, ఏ రకమో చెప్పడానికి ఇంకో కోడ్. తమాషా ఏంటంటే, ‘ఎక్కడ’ అనే పట్టికలో అరికాలికి విడిగా గది లేదు. తొడ నుంచి అరికాలి దాకా చర్మమంతా ఒకే కోడ్ కింద ఉంటుంది. తొడ మీద వచ్చినా మడమ మీద వచ్చినా అంకె ఒకటే! ఇక మిగిలింది ‘ఏ రకం’ అన్న కోడ్. రిపోర్టులో ‘ఎక్రల్ లెంటిజినస్’ అన్న మాట ఉంటే 8744. లేకుండా ‘మెలనోమా’ అని ఊరుకుంటే 8720, అంటే రకం తెలియనిది. ఆ ఒక్క మాట లేకపోతే మన పెద్దాయన మెలనోమాల్లో ఒకడవుతాడు గానీ అరికాలి మెలనోమాల్లో ఉండడు.

ఇది మన దగ్గరే అనుకునేరు. అమెరికా రిజిస్ట్రీల్లోనూ రకం రాయని మెలనోమాల వాటా చాలా పెద్దది. కాబట్టి ఓ పదేళ్లలో అరికాలి రకం పెరిగినట్టు గ్రాఫులో కనిపించిందంటే రెండు అర్థాలు ఉండొచ్చు. జబ్బే పెరిగి ఉండొచ్చు. లేదా ఆ మాట రాసే పాథాలజిస్టులు పెరిగి ఉండొచ్చు. ఏదో తేల్చాలంటే ‘రకం తెలియనివి’ అదే కాలంలో తగ్గాయా అని పక్క గడిలోకి తొంగి చూడాలి. అంకెల్ని చదివేవాళ్లు చాలామంది ఈ పని చేయరు.

ఊరు మారితే...

దేశంలో జనాభాను ఆధారం చేసుకుని క్యాన్సర్‌ను లెక్కపెట్టడం బొంబాయిలో మొదలైంది. 1963లో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ అక్కడ తొలి రిజిస్ట్రీ పెట్టింది. 1981 డిసెంబరులో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించి బొంబాయి, బెంగళూరు, మద్రాసు నగరాల్ని చేర్చింది. మద్రాసు బాధ్యత అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చొరవతో 1954లో మొదలైన ఆసుపత్రి, డాక్టర్ వి.శాంత జీవితమంతా గడిపిన ఆసుపత్రి అది. నెల్లూరు జిల్లాలో క్యాన్సర్ అన్న మాట వినబడితే చాలామందికి ఇప్పటికీ మొదట గుర్తొచ్చే పేరు అడయారే.

అక్కడి రిజిస్ట్రీ పనితీరు చూడముచ్చటగా ఉంటుంది. ఎవరో వచ్చి చెబుతారని కూర్చోరు. సిబ్బంది సంచి భుజాన వేసుకుని ఆసుపత్రులు, నర్సింగ్ హోములు, ల్యాబులు తిరిగి కేసు షీట్లు చూస్తారు. కార్పొరేషన్ మరణాల రిజిస్టర్లు తిరగేస్తారు. ఒకే మనిషి మూడు ఆసుపత్రుల్లో చూపించుకుంటే మూడుసార్లు పడకుండా ఏరేస్తారు. ఇది చెప్పినంత తేలిక్కాదు. ఒక చోట ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోచోట ఉండనే ఉండదు. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరం తోకలా చేరుతుంది. వయసేమో ఒక చీటీలో 58, మరోదాంట్లో 65. వెంకటేశ్వర్లు ఎన్ని రకాల ఇంగ్లిష్ స్పెల్లింగులతో ఉంటాడో తెలుగువాళ్లకు చెప్పాలా?

ఇంత శ్రద్ధగా లెక్కపెట్టే చోటికి మన పెద్దాయన చేరాడు. ఇక పడ్డట్టే అనుకుంటాం. పడడు! రిజిస్ట్రీ నియమం ఒకటుంది. చికిత్స ఎక్కడ జరిగిందన్నది కాదు, మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నది ముఖ్యం. ఆ ప్రాంతంలో కనీసం ఏడాదిగా నివాసం ఉన్నవాళ్లనే ఆ జనాభా లెక్కలో చేరుస్తారు. నియమం న్యాయమైనదే. లేకపోతే నెల్లూరు, చిత్తూరు రోగులంతా చెన్నై రేటును పెంచేస్తారు. ఆసుపత్రి విడిగా రాసుకునే రోగుల జాబితాలో ఆయన పేరు ఉంటుంది. కానీ ‘లక్షకు ఎంతమంది’ అని చెప్పే లెక్కలో ఉండాలంటే ఆయన సొంత జిల్లాలో రిజిస్ట్రీ ఉండాలి.

2020లో వెలువడ్డ జాతీయ నివేదిక తిరగేస్తే సంగతి తెలుస్తుంది. 2012 నుంచి 2016 దాకా సమాచారం అందులో ఉంది. మొత్తం 28 జనాభా రిజిస్ట్రీలు. దక్షిణాన హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, కొల్లం, తిరువనంతపురం ఉన్నాయి. ఈశాన్య రాష్ట్రాలవే పదకొండు. ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లా ఆ జాబితాలో ఒక్కటీ లేదు. దేశ జనాభాలో ఆ 28 కలిపి చూసింది పదోవంతు. మిగతా తొమ్మిది వంతుల్లో మైపాడు కూడా ఉంది.

‘ఆరోగ్యశ్రీ కింద అందరి వివరాలూ కంప్యూటర్లో ఉంటాయి కదా’ అని ఎవరికైనా అనిపిస్తుంది. 2007లో మొదలైన ఆ పథకం ఎన్నో కుటుంబాలకు క్యాన్సర్ వైద్యాన్ని అందుబాటులోకి తెచ్చింది. అయితే అక్కడ రాసుకునేది ఏ చికిత్సకు ఎంత చెల్లించాలన్నది. ఆపరేషన్‌కొకటి, కీమోకొకటి... ఒకే మనిషి పేరు మీద చాలా పద్దులు ఉంటాయి. సొంత డబ్బుతో చెన్నైలోనో వేలూరులోనో చూపించుకున్నవాళ్లవి ఉండవు. దుకాణం చిట్టాపద్దులు చూసి ఊరి జనాభా చెప్పమన్నట్టు ఉంటుంది.

ఆఖరి గుమ్మం మరణ ధ్రువపత్రం. అక్కడైనా దొరుకుతారా అంటే, 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం రాసి ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంట్లో పోయిన పెద్దవాళ్లకి ‘వయసు పైబడి’ అన్న మాటే ఎక్కువ. మడమ మీద మచ్చతో మొదలైన జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆయాసంతో పోతే, ఊరి లెక్కలో అది ఆయాసమే.

బార్షీ చేసిన పని

ఇంత అరుదైనదానికి ఇంత హైరానా ఎందుకు, వేరే జబ్బులు లేవా అని అడిగేవాళ్లు ఉంటారు. తప్పు ప్రశ్నేం కాదు. నెల్లూరు జిల్లాకు నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎంతో పెద్ద సమస్యలు. కానీ పెద్ద చేపల కోసం వేసిన వలలోనే చిన్నవీ పడతాయి. అరికాలి మెలనోమా కోసం ప్రత్యేకంగా ఎవరూ రిజిస్ట్రీ పెట్టరు, పెట్టక్కర్లేదు. అన్నిటికీ కలిపి ఒకటి ఉంటే చాలు, కన్ను సన్నగా ఉండాలంతే.

అలాంటి వలను పల్లెటూళ్లో వేసి చూపించింది మహారాష్ట్రలోని బార్షీ. 1987లో అక్కడ దేశంలోనే తొలి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. నగరంలోలా ఆసుపత్రులు తిరిగితే పల్లెలో కేసులు దొరకవు. ఎందుకంటే రోగులు ఆసుపత్రికే వెళ్లరు. దాంతో సిబ్బందే ఊళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. రచ్చబండ దగ్గర కూర్చుని ఏయే లక్షణాలుంటే అనుమానించాలో చెప్పారు. అలాంటివి ఉన్నవాళ్లను పరీక్షకు ఒప్పించారు. లెక్క కోసం వెళ్లినవాళ్ల మాటలు విని జనం త్వరగా రావడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ముదరకముందే బయటపడటం పెరిగింది, వాటి బారిన పడ్డ ఆడవాళ్లు బతకడం మెరుగైంది. లెక్కపెట్టడానికి వెళితే లెక్కే మారిపోయిందన్నమాట!

మైపాడు లాంటి ఊళ్లకు ఎవరైనా అలా వస్తే చూడాల్సినవాటిలో అరికాలు కూడా ఉండాలి. చూడటానికి ఖర్చేమీ లేదు. భయపడాల్సిన పనీ లేదు, అరికాలి మచ్చల్లో చాలామటుకు వట్టి పుట్టుమచ్చలే. కొత్తగా వచ్చి పెరుగుతున్నది, అంచులు చెదిరి రంగు ఒక్కతీరుగా లేనిది, రక్తం లేదా చెమ్మ కారేది, రెండు నెలలైనా మానని పుండు, గోటి మీద నిలువుగా వచ్చి వెడల్పవుతున్న నల్లచార... వీటిని చర్మ వైద్యుడికి చూపించాలి. గోటి నలుపు పక్కనున్న చర్మంలోకి పాకిందంటే ఇంకా తొందరగా. ఈ చివరి గుర్తును పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లండ్ వైద్యుడు జొనాథన్ హచిన్సన్ చెప్పిపెట్టాడు.

చర్మ వైద్యుడి దగ్గర డెర్మోస్కోపు అనే చిన్న భూతద్దం ఉంటుంది. దానిలోంచి చూస్తే అరికాలి చర్మం దున్నిన చేనులా కనిపిస్తుంది, చాళ్లు, గట్లు, చాళ్లు, గట్లు. జపాన్ వైద్యుడు తొషియాకి సైదా బృందం ఏళ్ల తరబడి చూసి ఒక తేడా పట్టుకుంది. రంగు చాళ్లలో ఉంటే సాధారణంగా అది మామూలు మచ్చ. గట్ల వెంట ఉంటే అనుమానించాలి. రైతు బిడ్డకు ఒక్కసారి చెబితే మర్చిపోడు. పరికరం కూడా చేతిలో ఇమిడేంతే.

మన పెద్దాయన చెన్నై ఆసుపత్రి కౌంటర్ ముందు ఇంకా నిలబడే ఉన్నాడు. ఫారం నింపే అమ్మాయి ‘‘ఊరు?’’ అంది. వెంట వచ్చిన కొడుకు తొందరపడ్డాడు. ఇక్కడివాళ్లమంటే త్వరగా చూస్తారేమోనని, తిరువొత్తియూరులో ఉన్న పిన్నమ్మ ఇంటి అడ్రసు చెప్పబోయాడు. రిజిస్ట్రీవాళ్లు తర్వాత ఆరా తీస్తే ఆ ఇంట్లో ఆ పేరుతో ఎవరూ ఉండరు. నెల్లూరు వైపు వెతికేవాళ్లకూ ఆ కాగితంలో ఊరి జాడ ఉండదు.

పెద్దాయన కొడుకు చేతి మీద చెయ్యేశాడు.

‘‘మాది మైపాడమ్మా. ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా. అదే రాయి.’’